అలగానిపాడు సుందరయ్య చదివిన బళ్ళు

విడవలూరు: నెల్లూరు దగ్గర పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా తూర్పుకు తిరిగితే దారికి రెండు పక్కలా వరిమళ్ళే. సంగం ఆనకట్ట నీళ్ళు కనిగిరి రిజర్వాయరు చేరి, అక్కడ నుంచి కాలువలుగా, పిల్లకాలువలుగా చీలి, మళ్ళన్నీ తిరిగి చివరకు ఉప్పునేలల దగ్గర ఆగిపోతాయి. ఆ పైన ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, పల్లెపాలేలు, సముద్రం. ఈ పల్లపు నేలలో, విడవలూరు మండలంలో ఉన్న ఊరు అలగానిపాడు.

1913 మే 1న ఆ ఊళ్ళో పుచ్చలపల్లి వారి ఇంట పుట్టిన మగబిడ్డకు పెద్దలు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. దేశం ఎరిగిన పేరు సుందరయ్య. పేరు చివరి కులం మాటను ఆయనే తీసివేసుకున్నారు. కార్మికుల పండుగ నాడే పుట్టారని తరువాతి కాలంలో చాలామంది విశేషంగా చెప్పుకున్నారు. కాని 1913లో అలగానిపాడుకు మే డే సంగతి తెలిసే వీలు లేదు. మన దేశంలో మొదటి మే డే సభ జరిగిందే 1923లో, మద్రాసులో.

సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సంగతి, ఆస్తి పార్టీకి ఇచ్చేసిన సంగతి జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మనిషి అలా తయారు కావడానికి ముందు ఎక్కడెక్కడ చదువుకున్నారో, ఆ చదువులో ఏమి పట్టుబడిందో అంతగా చెప్పుకోరు. ఆయన చదివిన బళ్ళు నాలుగైదు ఊళ్ళలో ఉన్నాయి. వాటిలో ఒకటి జైలు.

ఇంట్లో ఉన్నది, ఊళ్ళో లేనిది

పుచ్చలపల్లి వారిది భూవసతి గల కుటుంబం. పెన్న నీళ్ళు పారే మాగాణి అంటే ఆ రోజుల్లో తిండికి, పరువుకు, పెళ్ళి సంబంధాలకు లోటు లేదన్నమాట. అయితే కుర్రవాడికి ఆరో ఏట తండ్రి పోయాడు. ఇల్లు, సేద్యం, పిల్లల చదువు తల్లి మీద పడ్డాయి. అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగిన ఆ పిల్లవాడికి తమ్ముడు ఒకడు, రామచంద్రారెడ్డి. ఆ తమ్ముడి సంగతి తరువాత వస్తుంది.

మొదట చదివింది ఊళ్ళో వీధిబడి. ఆ కాలపు వీధిబళ్ళు ఎలా ఉండేవో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అరుగు మీదో, పందిరి కిందో ఒక అయ్యవారు. నేల మీద ఇసుక పోసి అందులో వేలితో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు అరిచి వల్లె వేయించడం, పెద్ద బాలశిక్ష. తప్పు చేస్తే గోడకుర్చీ, కోదండం. రైతుల పిల్లలు, కోమట్ల పిల్లలు, బాపన పిల్లలు ఆ ఇసుక ముందు కూర్చునేవారు. మాల మాదిగ పల్లెల పిల్లలకు అక్కడ చోటు లేదు. ఆ వయసుకే వాళ్ళు రైతుల ఇళ్ళలో పసులకాపరులుగా జీతానికి ఉండేవారు.

ఈ జీతం సంగతి తెలియనిదే సుందరయ్య సంగతి తెలియదు. పాలేరుకు ఏడాది జీతం వడ్లలో మాట్లాడుకునేవారు. పెళ్ళికో, జబ్బుకో ముందుగా కొంత అప్పు తీసుకుంటే అది తీరేదాకా ఆ ఇంటి గడప వదలడానికి లేదు. తండ్రికి తీరకపోతే కొడుకు జీతానికి దిగాలి. ఎడ్లకు మేత వేసే వేళకు లేవాలి, ఇంటివాళ్ళు పడుకున్న తరువాత పడుకోవాలి. కుండ వేరు, నీళ్ళు వేరు, కూర్చునే చోటు వేరు. పండించిన మనిషి కళ్ళంలో దూరంగా నిలబడి, కొలిచే మనిషి చేతిలోని మానిక వైపు చూస్తూ ఉండేవాడు. ఇది ఒక్క అలగానిపాడు మాట కాదు, డెల్టా అంతటా అంతే. సుందరరామిరెడ్డి ఇల్లు కూడా ఆ పద్ధతిలో నడిచే ఇల్లే. తనతో ఆడుకోదగిన వయసు పిల్లలు తన ఇంటి దొడ్లోనే పనికి ఉండగా తను పలక పట్టుకుని బడికి వెళ్ళాడు. బడిలో చెప్పని పాఠం అది. తరువాతి అరవై ఏళ్ళలో ఆయన చేసిన పనికి మొదలు వెతికితే అక్కడికే వస్తుంది.

బావగారి బదిలీలు

ఆయన బావగారు మునసబు కోర్టులో న్యాయాధికారి. తండ్రి లేని బావమరిదిని చదివించే భారం ఆయన తీసుకున్నారు. సర్కారు ఉద్యోగికి బదిలీలు తప్పవు కదా. బావగారు ఏ ఊరు వెళితే కుర్రవాడి బడి ఆ ఊరికి మారేది. అలా తిరువళ్ళూరు, ఏలూరు, రాజమండ్రి, చివరకు మద్రాసు.

బడి మారితే పిల్లల చదువు చెడుతుందని ఇప్పుడు తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కుర్రవాడికి ఒక స్నేహం కుదిరే లోపల ఇంకో ఊరు. కొత్త అయ్యవారు, కొత్త బెంచీ. తిరువళ్ళూరులో వీధి మాట అరవం. ఏలూరు గోదావరి నీళ్ళు, కృష్ణ నీళ్ళు కలిసే కాలువల ఊరు. రాజమండ్రి వీరేశలింగం పంతులుగారి ఊరు. ఆయన 1919లో పోయారు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేయించి ఊరి తిట్లు తిన్న మనిషి పేరు ఆ ఊళ్ళో ఇంకా వేడిగానే ఉన్న రోజులవి. ఒక పల్లెటూరి రైతు బిడ్డ పదిహేనేళ్ళు నిండకుండానే ఇన్ని యాసలు, ఇన్ని అలవాట్లు చూశాడు. తరువాత పార్టీ పని మీద మద్రాసు, కేరళ, తెలంగాణ పల్లెలు తిరిగినప్పుడు ఏ ఇంట ఏది పెడితే అది తిని, ఎక్కడ చాప వేస్తే అక్కడ పడుకోగలిగారంటే ఆ అలవాటు ఈ బదిలీల్లో పడిందే.

ఇంకొకటి కూడా ఉంది. పెన్న కింద పుట్టి, కృష్ణా గోదావరి కాలువల పక్కన చదువుకున్న పిల్లవాడికి నీళ్ళంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కరలేదు. శాసనసభలో నీటిపారుదల మీద, మురుగు కాలువల మీద ఆయన మాట్లాడినప్పుడు ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు, ఏ నదిలో ఎంత నీరు అని అంకెలతో వచ్చేవారు. ప్రతిపక్షం కుర్చీలో కూర్చున్నా అధికారులు ఆ అంకెలను తేలికగా తీసుకోలేకపోయేవారు.

మద్రాసు

మద్రాసులో హైస్కూలు చదువుతున్న రోజులే అసలు మలుపు. 1927 డిసెంబరులో అక్కడ కాంగ్రెసు మహాసభ జరిగింది. సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమన్న తీర్మానం ఆ సభలో వచ్చింది. నెల గడిచిందో లేదో సైమన్ కమిషన్ వచ్చింది. 1928 ఫిబ్రవరి 3న, కమిషన్ బొంబాయిలో దిగిన రోజున, మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకులకు గుండె చూపింది ఆనాడే. సైమన్ బహిష్కరణలో దిగిన విద్యార్థుల్లో పదిహేనేళ్ళు నిండని ఈ నెల్లూరు జిల్లా కుర్రవాడూ ఉన్నాడు.

హైస్కూలు తరువాత లయోలా కాలేజీ. అది జెసూట్ పాదిరీలు 1925లో పెట్టిన కాలేజీ. ఆయన చేరేనాటికి ఇంకా కొత్తదే. భూమి ఉన్న ఇంటి బిడ్డ అక్కడ చదివితే తరువాత ప్లీడరు కావచ్చు, బావగారిలా మునసబు కావచ్చు, లేదా ఊరికి వచ్చి దర్జాగా సేద్యం చేయించుకోవచ్చు. ఇంట్లోవాళ్ళ ఆశ కూడా అంతకంటే వేరుగా ఉండడానికి లేదు. చదువుకు పెట్టిన ప్రతి రూపాయీ వడ్లు అమ్మితే వచ్చిన రూపాయే.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారు. సుందరరామిరెడ్డి కాలేజీ వదిలేశాడు. అప్పటికి పదిహేడో ఏడు. నెల్లూరు జిల్లాకు రాకుండా పశ్చిమ గోదావరి జిల్లా వెళ్ళి అక్కడి సత్యాగ్రహుల్లో కలిశాడు. సొంత ఊరికి దగ్గరగా ఉంటే బంధువులు వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవారేమో. ఏమైనా అరెస్టయ్యాడు, శిక్ష పడింది.

తాళం వేసిన బడి

వయసు చిన్నది కాబట్టి ఆయనను బోర్‌స్టల్ బడిలో పెట్టారు. బోర్‌స్టల్ అన్నది ఇంగ్లండులో కెంటు జిల్లాలోని ఒక పల్లె పేరు. కుర్ర నేరస్థులను పెద్ద ఖైదీలతో కలపకుండా విడిగా ఉంచి, క్రమశిక్షణ, చేతిపని నేర్పే పద్ధతి ఆ పల్లె జైలులో మొదలైంది. అదే పేరుతో మన దేశానికీ వచ్చింది. పేరుకు బడి. గోడలు, తాళాలు, గంటలు అన్నీ జైలువే.

ప్రభుత్వం అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. జైలులో ఆయనకు దేశంలోని రకరకాల రాజకీయ ఖైదీలతో పరిచయం కలిగింది. గాంధీజీ దారి పట్టి వచ్చిన కుర్రవాడు అక్కడే కమ్యూనిస్టు భావాలు విన్నాడు. తెల్లవాడు పోతే పాలేరు జీతం పెరుగుతుందా అన్న ప్రశ్నకు కాంగ్రెసు సభల్లో జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న పట్టుకునే బయటికి వచ్చాడు. 1931 మార్చిలో గాంధీ ఇర్విన్ ఒడంబడిక కుదిరి, ఆ తరువాత సత్యాగ్రహ ఖైదీలకు విడుదలలు వచ్చాయి.

ఆ దశలో ఆయనకు గురువుగా దొరికిన మనిషి అమీర్ హైదర్ ఖాన్. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతున్న మనిషి. శంకర్ అన్న మారుపేరుతో మద్రాసు వైపు వచ్చి దక్షిణాదిలో పార్టీ కోసం కుర్రవాళ్ళను పోగుచేస్తున్నారు. పుట్టింది రావల్పిండి వైపు, ఓడల్లో పనిచేసి ప్రపంచం చుట్టివచ్చారు. ఇంటర్మీడియట్ వదిలేసిన రైతు బిడ్డకు ఇటువంటి అయ్యవారు కుదిరారు. 1932లో హైదర్ ఖాన్ అరెస్టు కావడంతో దక్షిణాదిలో ఆయన మొదలుపెట్టిన పని సుందరయ్య మీద పడింది. డిగ్రీ అన్నది ఆయన జీవితంలో లేదు.

ఊళ్ళో పెట్టిన బడి

మనిషి ఏమి నేర్చుకున్నాడో సభల్లో తేలదు, సొంత ఊళ్ళో తేలుతుంది. సుందరయ్య అలగానిపాడు వచ్చి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆంధ్రలో మొట్టమొదటి వ్యవసాయ కార్మిక సంఘాల్లో ఒకటి ఈ ఊరిదే. చదువు రానివాళ్ళకు చదువు చెప్పడం, పత్రికలు చదివి వినిపించడం, సరుకులు చౌకగా అమ్మే అంగడి నడపడం, జబ్బులకు మందులివ్వడం కూడా ఆ పనిలో భాగాలు. దళితుల పక్కన కూర్చుని తిన్నారు.

ఇప్పుడు చదివితే ఇందులో వింత లేనట్టు ఉంటుంది. అప్పుడు ఆయన నిలబడింది ఎవరికి ఎదురుగానో చూడాలి. కూలి పెంచమని సంఘం అడిగితే అడిగింది ఆ ఊరి రైతులనే. వాళ్ళలో సొంత ఇల్లు ఉంది, పినతండ్రులు, మేనమామల వరసవాళ్ళు ఉన్నారు. కళ్ళంలో మానిక సరిగా కొలవమంటే అది తల్లి నడిపే సేద్యానికి కూడా తగిలే మాట. పరాయి ఊళ్ళో ఉపన్యాసం చెప్పి బండెక్కడం వేరు, పొద్దున లేస్తే మొహాలు చూడాల్సిన వాళ్ళతో తగువు పెట్టుకోవడం వేరు. చెడిపోయాడన్నారు, చదివించిన పాపం అన్నారు. ఆ తల్లి పడిన బాధ తక్కువది కాదు. ఆరేళ్ళ వయసులో తండ్రి పోయిన కొడుకు పెద్దవాడై మాగాణి చూసుకుంటాడని అనుకునే తల్లికి, ఆ మాగాణినే పంచిపెట్టాలనే కొడుకు మిగిలాడు.

తరువాత తన వాటాకు వచ్చిన ఆస్తిని అమ్మి పార్టీకి ఇచ్చేశారు. మాటకు, చేతకు మధ్య దూరం ఉండకూడదన్నది ఆయన పట్టుదల. దాని కోసం ఎవరి మనసు నొచ్చుకున్నా వెనక్కి తగ్గేవారు కాదు. ఇది గుణమా, మొండితనమా అంటే ఆయన సొంతవాళ్ళే రెండు రకాలుగా చెప్పేవారు.

ఆ తరువాత నడక

మిగిలిన జీవితం చరిత్ర పుస్తకాల్లో ఉంది కనుక క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1934లో పార్టీ కేంద్ర కమిటీలోకి వచ్చారు. కేరళలో పి. కృష్ణపిళ్ళై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ వంటివాళ్ళు కమ్యూనిస్టు పార్టీలోకి రావడంలో ఆయన పాత్ర ఉంది. 1936లో పుట్టిన అఖిల భారత కిసాన్ సభకు సంయుక్త కార్యదర్శి అయ్యారు. 1939 నుంచి 1942 దాకా అజ్ఞాతవాసం. 1943లో బొంబాయి పార్టీ ఆఫీసులో పనిచేస్తున్న లీలగారిని పెళ్ళాడారు. ప్రజల పనికి అడ్డం కాకూడదని పిల్లలు వద్దనుకున్నారు దంపతులిద్దరూ. బందరు కాలువ పూడిక తీసినప్పుడు వలంటీర్లతో కలిసి ఆయనా మట్టి తట్ట ఎత్తారు. 1946లో విశాలాంధ్రలో ప్రజారాజ్యం అన్న పుస్తకం రాశారు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు. ఆ పోరాటం గురించి 1972లో ఇంగ్లీషులో పెద్ద గ్రంథం వెలువరించారు.

1952లో రాజ్యసభకు వెళ్ళారు. 1955లో, 1962లో, మళ్ళీ 1978లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1955 ఎన్నికల్లో పార్టీ గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. పదిహేను సీట్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1964లో పార్టీ చీలిపోయినప్పుడు మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. ఆ రాజకీయాలు నచ్చినవాళ్ళూ ఉన్నారు, నచ్చనివాళ్ళూ ఉన్నారు. తెలంగాణ పోరాటం కొనసాగించడం మీద, విరమించడం మీద పార్టీలోనే గట్టి తగాదాలు నడిచాయి.

రాజకీయాలు పక్కన పెట్టి చూసినా మిగిలేవి ఆయన అలవాట్లు. ఢిల్లీలో తోటి సభ్యులు కార్లలో దిగుతుంటే ఈయన సైకిలుకు స్టాండు వేసి లోపలికి నడిచేవారు. హైదరాబాదులో కూడా అదే సైకిలు ప్రయాణం. పుస్తకం, పత్రిక, ప్రభుత్వ నివేదిక ఏది దొరికినా చదివి దాచేవారు. ఆయన పేర హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెద్ద గ్రంథాలయం ఉంది. డిగ్రీ పుచ్చుకోని మనిషి పేరు మీద ఉన్న ఆ గ్రంథాలయానికి పరిశోధనల కోసం విద్యార్థులు వెళతారు.

తమ్ముడు

చిన్నప్పుడు వెంట తిరిగిన తమ్ముడు రామచంద్రారెడ్డి డాక్టరు చదివారు. అన్నకు కుదరని పట్టా తమ్ముడికి దొరికింది. ఆ పట్టా పట్టుకుని పెద్ద ఊళ్ళకు పోకుండా నెల్లూరులోనే బీదలకు వైద్యం చేశారు. జిల్లాలో ఆయన్ను రామ్ డాక్టరుగారు అన్నవాళ్ళే ఎక్కువ. నెల్లూరులోని ప్రజా వైద్యశాల ఆయన పేరుతోనే ఉంది. ఆ ఆస్పత్రిలో వైద్యంతోపాటు బడి కూడా నడిచింది. పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్ళకు సూది వేయడం, కట్టు కట్టడం, మామూలు జబ్బులు పోల్చుకోవడం నేర్పి తిరిగి పల్లెలకే పంపేవారు. డాక్టరు పేరు వినని కుగ్రామాల్లో రాత్రిపూట తలుపు తడితే లేచి వచ్చింది అలా నేర్చుకున్న మనుషులే. వీధిబడిలో ఇసుక ముందు చోటు దొరకని ఇళ్ళ పిల్లలు కూడా ఆ బడిలో కూర్చున్నారు.

సుందరయ్య తన జీవిత కథను చివరి రోజుల్లో చెప్పి రాయించారు. విప్లవ పథంలో నా పయనం అన్న పేరుతో అది పుస్తకంగా వచ్చింది. 1985 మే 19న, డెబ్బై రెండు నిండిన పద్దెనిమిది రోజులకు, ఆయన కన్నుమూశారు. అదే సంవత్సరం రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆయన పుట్టినప్పుడు కోవూరు తాలూకా ఊరైన అలగానిపాడు విడవలూరు మండలంలోకి చేరింది.